ఎడమ షాకప్ ఎవరిది?

హొళగుంద నుంచి సిరుగుప్ప పోయే దారిలో గుంతలో పడితే ఏ బండైనా ఎగురుతుంది. ఒక కుర్రవాడి యెజ్డీ మాత్రం ఎగిరి ఎడమకు జరుగుతుంది. వెనక వాళ్ల నాయన కూర్చుంటే మరీను. టైరు మడ్‌గార్డుకు రాసుకుని కాలిన రబ్బరు వాసన కొడుతుంది. దసరా దగ్గరపడింది. దేవరగట్టు బన్ని ఉత్సవానికి చుట్టాలొస్తే ఒక్కొక్కరినీ వెనక కూర్చోబెట్టుకుని గట్టు దాకా దించి రావాలి. ఈ బండి మీద అయ్యే పని కాదు.

మనుషుల పేర్లు ఇక్కడ రాయడం లేదు. బండి పేరు చాలు. మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1961లో చెకోస్లొవేకియా జావాల తయారీతో మొదలైంది. 1973 నుంచి యెజ్డీ పేరుతో బండ్లు వదిలి, 1996లో మూతపడింది. ఒకటే సిలిండరు, రెండు సైలెన్సర్లు. కిక్కు రాడ్డునే ముందుకు తిప్పితే గేరు రాడ్డు. ఫ్యాక్టరీ పోయినా బండ్లు పోలేదు, స్పేర్లు కరువయ్యాయి. ఏది దొరికితే అది బిగించి నడుపుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. కాకపోతే ఆ అతుకుల లెక్క ఎవరూ రాసి పెట్టుకోలేదు.

ఎడమకు లాగడం పోవాలని కుర్రవాడు ఒక చోట టైరు మార్పించాడు. ఇంకో చోట స్పోకులు బిగించి, చక్రం వంకర తీశారు. చివరికి ఆదోనిలో పత్తి మార్కెట్ యార్డు వైపు ఒక రేకుల షెడ్డుకు చేరాడు. అక్కడి పెద్దాయనను అందరూ మామా అనే పిలుస్తారు.

"గుంతలో పడితే ఎడమకు లాగుతాది మామా. ఏం మార్చినా పోల్యా."

మామ పానా ముట్టలేదు. సీటు మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా నొక్కి వదిలాడు. వెనక భాగం లేచింది, దిగింది, మళ్లీ లేచింది, ఇంకోసారి ఊగింది.

"ఒక్కసారి లేసి నిలబడల్లప్పా. ఇది ఊగుతాంది. ఆయిలు పోయింది."

షాకప్‌లో బరువు మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఎగురుడును అణిచేది లోపలి ఆయిలు. ఆయిలు కారిపోతే స్ప్రింగుకు అడ్డుండదు.

"అయితే కొత్తవి ఎయ్యి మామా."

"ఏవి ఎయ్యల్ల?"

కుర్రవాడి దగ్గర జవాబు లేదు. 2022లో యెజ్డీ పేరు మళ్లీ రోడ్డెక్కింది కానీ అది నాలుగు స్ట్రోకుల ఇంజనుతో వచ్చిన వేరే బండి. ఉన్న షాకప్‌నే కొలిచి అలాంటిదే తెద్దామంటే, అది ఈ బండిదేనని నమ్మకమేమిటి?

మామ సెంటర్ స్టాండ్ వేసి, చక్రాన్ని గాల్లో వేలాడనిచ్చి, టేపు పట్టాడు. కుడి, ఎడమ రెండూ సమానం. కుర్రవాడు తేలికపడ్డాడు. మామ మాత్రం చక్రం కింద చెక్కదిమ్మ దోపి, షాకప్‌లు రెండూ ఊడదీసి నేల మీద పక్కపక్కన నిలబెట్టాడు. ఎడమది దాదాపు ముప్పావు అంగుళం పొడవు.

బిగించి ఉన్నప్పుడు టేపు ఎందుకు అబద్ధం చెప్పింది? వెనక చక్రాన్ని పట్టి ఉండే స్వింగ్ ఆర్మ్ ఒకటే ఇనుము. పొట్టి షాకప్ సాగినంత మేరకే అది దిగుతుంది. పొడుగుది అక్కడికే నొక్కుకుని ఆగుతుంది. ఒక పక్క ఎప్పుడూ తోపు, ఇంకో పక్క సడలింపు. అన్నేళ్లూ ఆ ఆర్మ్ మెలి తిరుగుతూనే పరుగెత్తింది. మామ చక్రాన్ని పట్టి అటూ ఇటూ కదిపితే ఆర్మ్ బుష్ దగ్గర టక్కుమంది. అదీ అరిగింది.

ఎడమది ఏ బండిదో ఎవరికి ఎరుక! కుడిదైనా దీనిదేనా అంటే అదీ చెప్పలేం. అడగాల్సింది చేయి పడని ఇంకో బండినే. సిరుగుప్పలో ఒక రైస్ మిల్లు షెడ్డులో అదే మోడల్ యెజ్డీ ఉందని తెలిసి కుర్రవాడు బస్సెక్కాడు. మామ చెప్పిన గుర్తు చూసుకున్నాడు: షాకప్ నట్లకు అంచులు పదునుగానే ఉన్నాయి, పానా తిన్న జాడ లేదు. చక్రం వేలాడనిచ్చి, పై బోల్టు పై అంచు నుంచి కింది బోల్టు పై అంచు దాకా టేపు పెట్టాడు. బోల్టుల లావు ఒకటే అయితే అదే నడిమికి నడిమి కొలత. రెండో పక్కా కొలిచి, అంకె అగ్గిపెట్టె మీద రాసుకున్నాడు.

నాకు నచ్చింది ఇక్కడే. మామ ఆ అంకెతోనే సరిపెట్టుకోలేదు. షాకప్‌లు లేని చక్రాన్ని టైరు మడ్‌గార్డుకు వేలెడు దూరం వచ్చేదాకా పైకెత్తి, బోల్టుల మధ్య మళ్లీ కొలిచాడు. కొత్తది పూర్తిగా నొక్కుకున్నా అంతకంటే పొట్టి కాకూడదు. ఈ రెండు అంకెల మధ్య ఆడేది, బోల్టు కన్ను సరిపోయేది, చైన్ కవరుకు తగలనిది ఒక జత దొరికే వరకు పాత స్టాకు కొట్లన్నీ తిరిగారు.

బుష్ మార్చాక బిగింపు చకచకా సాగింది. అడ్డంగా పడుకోబెట్టి ఉంచిన షాకప్‌లో ఆయిలు మధ్యకు గాలి చేరుతుంది. అందుకే నిలబెట్టి నాలుగైదు సార్లు నొక్కి లాగాడు. స్ప్రింగు కింది మెట్టు రెండు పక్కలా ఒకే గాడిలో పెట్టాడు. నట్లు సగమే బిగించి, బండిని స్టాండ్ దింపి, కుర్రవాడి నాయనను ఎక్కించాడు. ముందే బిగిస్తే కన్నులోని రబ్బరు మెలిపడి తొందరగా చిట్లుతుంది. ఆయన కూర్చుని ఉండగానే చైన్ సడలింపు కూడా చూశాడు. మనిషి బరువుకు ఆర్మ్ పైకి లేస్తే చైన్ బిగుసుకుంటుంది. ఖాళీ బండి మీద చూసి సరిపెడితే తెగే దాకా తెస్తుంది.

సీటు నొక్కి వదిలాడు. లేచి నిలబడింది.

కుర్రవాడు పాత జతను గోనెసంచిలో వేసుకోబోతే మామ ఆపాడు. "రెండూ కలిపి గుజిరీలో ఎయ్యొద్దప్పా. జత అనుకుని ఎవడో ఒగడు కొనుక్కపోతాడు." పొడుగుదాని కన్నును రంపంతో కోసి పారేసి, కూలి డబ్బులు అడిగాడు.