రంగు పొరల కింద ర్యాలీ

పాత సైకిలు ఏ కంపెనీదో తెలియాలంటే దాని మీద రాసి ఉన్న పేరు నమ్మకూడదు. పేరు ఎవరైనా రాయించుకోవచ్చు. పెడళ్ళ దగ్గరి పళ్ళ చక్రం చూడాలి. అందులో మూడు కొంగ తలలు కనిపిస్తే ర్యాలీ. చాచిన అరచెయ్యి ఉంటే రడ్జ్. చేతులు కలిపి గుండ్రంగా నిలబడ్డ మనుషుల బొమ్మలుంటే హంబర్. బి.ఎస్.ఎ. వాళ్ళు బొమ్మల జోలికి పోకుండా తమ మూడక్షరాలనే ఇనుములో కోసి పెట్టారు. వాళ్ళ అసలు గుర్తు మాత్రం ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకులు. 1861లో బర్మింగ్‌హామ్‌లో తుపాకులు చెయ్యడానికి పుట్టిన కంపెనీ కదా.

పాత సైకిళ్ళ పిచ్చి పట్టినవాళ్ళు మొదట నేర్చుకునే పాఠం ఇది. రెండో పాఠం నేర్చుకోవడానికి ఇంకొంత కాలం పడుతుంది. అదేమిటంటే, మన దేశంలో పళ్ళ చక్రాన్ని కూడా నమ్మలేం. ఎప్పుడో అరిగిపోయుంటుంది, మెకానిక్ ఇంకో సైకిలుది తెచ్చి బిగించి ఉంటాడు. కొంగల చక్రంతో, హంబర్ ఫోర్కుతో, లూధియానా హ్యాండిల్‌తో నలభై ఏళ్ళు నిక్షేపంగా తిరిగిన సైకిళ్ళున్నాయి. ఇలాంటి సైకిలుకు పుట్టిన తేదీ ఏదని చెప్పాలి?

నిజానికి ఈ బొమ్మలన్నీ చివరికి ఒకే గూటికి చేరాయి. నాటింగ్‌హామ్‌లోని ర్యాలీ కంపెనీ 1932లో హంబర్ సైకిళ్ళను, 1943లో రడ్జ్‌ను, 1957లో బి.ఎస్.ఎ. సైకిళ్ళను కొనేసింది. ర్యాలీ మొదలైన తీరు గురించి ఆ కంపెనీయే ఇష్టంగా చెప్పుకునే కథ ఒకటుంది. ఫ్రాంక్ బౌడెన్ అనే ఆసామి హాంకాంగ్‌లో బాగా సంపాదించి, ఆరోగ్యం చెడగొట్టుకుని ఇంటికొచ్చాడు. డాక్టరు సైకిలు తొక్కమన్నాడు. తొక్కాడు, కోలుకున్నాడు, తనకు సైకిలు అమ్మిన ర్యాలీ వీధిలోని చిన్న షెడ్డునే కొనేశాడు. కంపెనీగా అది 1888లో ఏర్పడింది. అదే ఏడాది బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అనే పశువుల డాక్టరు గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. దానికి మూడేళ్ళ ముందు, 1885లో, కావెంట్రీలో స్టార్లీ తన రోవర్ సైకిలుతో రెండు చక్రాలూ దాదాపు సమానంగా ఉండి, చైనుతో వెనక చక్రం తిరిగే పద్ధతిని ఖాయం చేశాడు. ఈ రెండూ కలిశాక సైకిలు ఆకారం దాదాపు స్థిరపడిపోయింది.

ఆ ఆకారంలో మనకు బాగా తెలిసింది రోడ్‌స్టర్. నల్ల రంగు, 28 అంగుళాల చక్రాలు, తీగలకు బదులు ఇనుప కమ్మీలతో పనిచేసే బ్రేకులు, వెడల్పాటి మడ్‌గార్డులు, స్ప్రింగుల తోలు సీటు. బరువు ఇరవై కిలోలకు అటూ ఇటూ. ఫ్రేమ్ కొంచెం వెనక్కి వాలి ఉంటుంది, అది సొగసు కోసం కాదు. గోతుల దారిలో కుదుపు నేరుగా నడుముకు తగలకుండా ఆ వాలు కొంత తినేస్తుంది. ఇంగ్లండులో తారు రోడ్లు బాగుపడ్డాక ఈ మోడల్‌కు గిరాకీ తగ్గింది. ఆసియా, ఆఫ్రికా దారుల్లో మాత్రం దానికి తిరుగు లేకపోయింది. 1951లో ర్యాలీ కర్మాగారం నుంచి పది లక్షలకు పైగా సైకిళ్ళు బయటికొచ్చాయి. వాటిలో చాలా భాగం ఓడలెక్కాయి.

మన దేశానికి అప్పటికే స్వాతంత్ర్యం వచ్చింది, దిగుమతుల మీద కట్టుబాట్లు బిగుస్తున్నాయి. సీమ కంపెనీలు ఇక్కడివాళ్ళతో చేతులు కలిపి ఇక్కడే తయారీ మొదలుపెట్టాయి. మద్రాసు పక్కన అంబత్తూరులో 1949లో మురుగప్ప కుటుంబం, బర్మింగ్‌హామ్‌కు చెందిన ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ కలిసి టి.ఐ. సైకిల్స్ పెట్టాయి. హెర్క్యులస్, ఫిలిప్స్, బి.ఎస్.ఎ. పేర్లు ఆంధ్ర పల్లెల్లో ఇంటి పేర్లంత మామూలైపోవడానికి మూలం ఆ కర్మాగారమే. బెంగాల్‌లో ఆసన్‌సోల్ దగ్గర సెన్-ర్యాలీ వచ్చింది. సోనీపత్‌లో 1951లో అట్లాస్, లూధియానాలో 1956లో హీరో మొదలయ్యాయి. హీరో మొదటి ఏడాది చేసినవి 639 సైకిళ్ళు. ముప్పై ఏళ్ళు తిరిగేసరికి ప్రపంచంలోకెల్లా పెద్ద సైకిళ్ళ కంపెనీగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. సేకరించేవాళ్ళ దృష్టిలో వీటన్నిటికీ సమాన గౌరవం లేదు. ముందు గొట్టానికి కొట్టిన రేకు బిళ్ళ మీద ‘నాటింగ్‌హామ్, ఇంగ్లండ్’ అని ఉంటే ఒక ధర, ఆసన్‌సోల్ సరుకైతే ఇంకో ధర. రెండూ ఒకే నమూనాతో చేసినవే అయినా సరే. సీమ సరుకు మోజు ఇంకా పోలేదన్నమాట.

ఈ సైకిలు తెలుగు ఊళ్ళోకి వాహనంగా రాకముందే హోదాగా వచ్చింది. పెళ్ళి మాటల్లో వాచీ, సైకిలు, రేడియో ఒకే ఊపిరిలో వినిపించేవి. అల్లుడు అలిగాడంటే చాలాసార్లు ఆ మూడింటిలో ఒకటి తక్కువైనట్టే. కొన్నాక మున్సిపాలిటీకో పంచాయతీకో పన్ను కట్టి, రేకు బిళ్ళ తెచ్చి సైకిలుకు తగిలించుకోవాలి. బిళ్ళ లేకుండా తిరిగితే జరిమానా, డబుల్స్ తొక్కితే జరిమానా, చీకటి పడ్డాక దీపం లేకపోతే మరో జరిమానా. కిరసనాయిలు దీపాల రోజుల్లో పట్టుబడ్డవాడు ‘ఇప్పుడే గాలికి ఆరిపోయిందండీ’ అనేవాడట, కానిస్టేబులు దీపం మీద చెయ్యి పెట్టి వేడి చూసేవాడట. పెద్దవాళ్ళు చెప్పే ఈ ముచ్చట చాలా ఊళ్ళలో వినిపిస్తుంది, ప్రతి ఊరివాళ్ళూ తమ ఊళ్ళోనే జరిగిందంటారు.

కొనలేనివాళ్ళకు అద్దె షాపులుండేవి. గంటకింత. పిల్లలు సీటు అందక, ఫ్రేమ్ మధ్యలోంచి కాలు దూర్చి, ఒళ్ళంతా ఒక పక్కకు వేలాడేసి తొక్కేవాళ్ళు. తిరునాళ్ళలోనో బడి ఆవరణలోనో ఒకాయన సైకిలు దిగకుండా రోజుల తరబడి గుండ్రంగా తిరిగేవాడు. స్నానం, భోజనం, చొక్కా మార్చుకోవడం అన్నీ సైకిలు మీదే. జనం చిల్లర వేసి వెళ్ళేవాళ్ళు. ఢిల్లీలో మరో తెలుగాయన సైకిలు తొక్కడం కూడా వార్త అయింది. 1952లో రాజ్యసభకు వెళ్ళిన పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకు సైకిలు మీద వచ్చేవారు. ఇక 1983 ఎన్నికల్లో తెలుగుదేశం పార్టీ గోడల నిండా వేయించిన గుర్తు సంగతి చెప్పక్కర్లేదు. గేర్లూ హంగులూ లేని రోడ్‌స్టర్ బొమ్మే అది.

ఇన్ని సైకిళ్ళను ఇన్నేళ్ళు నడిపించింది కంపెనీలు కాదు, చెట్టు కింద గాలి పంపు, నీళ్ళ తొట్టె పెట్టుకున్న మెకానిక్. ఓవర్‌హాలింగ్‌ను ‘ఓవరాయిలింగ్’ చేసిన ఘనత కూడా ఆయనదే. పొరపాటు మాటే అయినా అర్థం చెడలేదు. ఏడాదికోసారి ఇరుసులు విప్పి, కిరసనాయిల్లో బాల్స్ కడిగి, గ్రీజు పెట్టి, బెండైన చక్రం చువ్వలు బిగించి నిలబెట్టేవాడు. చక్రాన్ని తిప్పి, బొటనవేలు రిమ్ముకు దగ్గరగా పెట్టి, ఎక్కడ రాసుకుంటోందో వేలితోనే పట్టేసేవాడు. పాల క్యాన్లు, బట్టల మూటలు, గ్యాసు బండలు మొయ్యాల్సిన సైకిలుకు ముందు ఇరుసు నుంచి హ్యాండిల్ దాకా అదనపు కమ్మీలు వేసేవాడు. దసరాకు ఒక పూత ఎనామిల్ రంగు పడేది. దాని మీద పసుపు, కుంకుమ. మరుసటేడాది ఇంకో పూత.

ఈనాటి అభిరుచిదారుడికి ఆ పూతలే పరీక్ష. గీకుతూ పోతే ఆకుపచ్చ, దాని కింద నీలం, దాని కింద ఎరుపు, అన్నిటికీ అడుగున కొలిమిలో కాల్చిన నల్లటి ఎనామిల్. అదృష్టం బాగుంటే ఆ నలుపు మీద సన్నని బంగారు గీత. నాటింగ్‌హామ్‌లో ఆ గీతలు చేత్తో గీసేవాళ్ళు. ఒంపు దగ్గర చెయ్యి కాస్త ఆగిన చోటు కూడా కొన్నిటిలో కనిపిస్తుంది.

పాత సైకిళ్ళను చరిత్రగా చూసే అలవాటు ఇంగ్లండులో ముందే మొదలైంది. అక్కడి వెటరన్-సైకిల్ క్లబ్బు 1955 నాటిది. ఇటలీలో టస్కనీ కొండల నడుమ గయోలె అనే ఊళ్ళో 1997లో ఎరోయికా యాత్ర మొదలైంది. 1987కు ముందటి తరహా సైకిలు మీద, మట్టి దారుల్లో వెళ్ళాలన్నది నియమం. మొదటిసారి వచ్చినవాళ్ళు 92 మంది, ఇప్పుడు వేలల్లో వస్తున్నారు. మన దేశంలో పుణేలో 2017లో ఒక సేకర్త కుటుంబం సైకిళ్ళ మ్యూజియమే తెరిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో పారాచూట్ సైనికుల కోసం చేసిన బి.ఎస్.ఎ. మడత సైకిలు అక్కడ చూడవచ్చు. హైదరాబాదులో వేట సాగేది జుమ్మెరాత్ బజార్‌లో, ఎర్రగడ్డ ఆదివారం సంతలో. నిండు సైకిలు దొరకడం అరుదు. లూకాస్ దీపం ఒక చోట, బ్రూక్స్ సీటు అట్ట ఇంకో చోట, గంట మరో చోట. ఆ గంటను కొన్నవాడు సైకిలుకు బిగించడు, డ్రాయింగ్ రూములో పెట్టుకుంటాడు. సైకిలు బాగుచేసేవాళ్ళకు వీళ్ళంటే పడకపోవడంలో ఆశ్చర్యం లేదు.

సరే, సైకిలు దొరికింది. విప్పడం దగ్గరే సగం పరీక్ష అయిపోతుంది. పెడలు కడ్డీని ఇరుసుకు పట్టి ఉంచే కాటర్ పిన్ను దశాబ్దాల తుప్పుతో బిర్రబిగిసి ఉంటుంది. నేరుగా సుత్తితో కొడితే దెబ్బ బాల్స్‌కు, కప్పులకు తగులుతుంది. కడ్డీ కింద నేల దాకా ఇనుప గొట్టం ముక్క ఆనించి, నట్టును పిన్ను చివర ఒక చుట్టు మిగిల్చి, అప్పుడు కొట్టాలి. నట్టు అలా ఉంటే థ్రెడ్డు చెడదు. థ్రెడ్డు సంగతికొస్తే ర్యాలీ తన పెడల్ ఇరుసు కప్పులకు అంగుళానికి 26 చుట్లు పెట్టుకుంది, మిగతా కంపెనీలు 24. కొలతలో రెండు చుట్లే తేడా, కానీ మార్కెట్లో దొరికే కప్పును ర్యాలీ ఫ్రేములోకి బలవంతంగా దింపితే గొట్టమే పాడవుతుంది. పాత ర్యాలీలు కొన్నిటిని చంపింది తుప్పు కాదు, ఈ తేడా తెలియని చెయ్యి.

వయసు తేల్చడం వేరే విద్య. స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్బు ఉంటే పని తేలిక. హబ్బు మీదే ఏడాది, నెల గుద్ది ఉంటాయి. 51, 8 అని ఉంటే 1951 ఆగస్టు. హబ్బును తర్వాత మార్చి ఉండకపోతేనే సుమా. మనవాటిలో ఎక్కువ భాగం ఒంటి ఫ్రీవీల్‌వి కాబట్టి ఆ సాక్ష్యం లేదు. అప్పుడు మెరుపును చూడాలి. క్రోమియం పూత సైకిళ్ళకు మామూలైంది 1930 ప్రాంతంలో. అంతకు ముందు నికెలే, దాని మెరుపులో కాస్త పసుపు జీర ఉంటుంది. యుద్ధ కాలంలో లోహాల కరువు వల్ల హ్యాండిల్, రిమ్ములతో సహా అన్నిటికీ నల్ల రంగే పూశారు. 1920ల సైకిలుకు, యుద్ధం నాటి సైకిలుకు అద్దంలా క్రోమియం వేయించి ప్రదర్శనకు తెచ్చేవాళ్ళున్నారు. పెళ్ళికూతురిలా ఉంటుంది, చరిత్రగా చూస్తే తప్పు.

తుప్పు దగ్గర ఓపిక కావాలి. ఆగ్జాలిక్ ఆమ్లం కలిపిన నీళ్ళలో నానబెడితే తుప్పు కరిగి, అసలు రంగు చాలావరకు మిగులుతుంది. ఇసుక కాగితం పడితే రెండూ పోతాయి. తోలు సీటుకు ముక్కు కింద ఒక నట్టు ఉంటుంది, సాగిన తోలును దానితో మెల్లగా బిగించుకోవచ్చు. మెత్తబడాలని నూనెలో ముంచినవాడు సీటును ఉయ్యాల చేసుకుంటాడు. బంగారు గీతలు మళ్ళీ గీయించాలంటే దిక్కు బోర్డులు రాసే ఆర్టిస్టులే. ఫ్లెక్సీలొచ్చి వాళ్ళ పొట్ట కొట్టాక ఆ చేతులూ తగ్గిపోయాయి.

ఇంతకీ ఎక్కడిదాకా బాగుచెయ్యాలి? ఇంగ్లండు కేటలాగు పక్కన పెట్టుకుని నట్టు నట్టూ సరిచూసుకునేవాళ్ళు ఒక జట్టు. తుప్పు ఆపి, కీళ్ళు కదిలేలా చేసి, మిగతాది వదిలేసేవాళ్ళు ఇంకో జట్టు. మన సైకిళ్ళ విషయంలో రెండో జట్టుదే న్యాయంగా తోస్తుంది. ఫ్యాక్టరీలో ఆ సైకిలు గడిపింది కొద్ది రోజులు. పాల క్యాన్లతో, మూటలతో గడిపింది అరవై ఏళ్ళు. ముందు ఫోర్కుకు వేసిన అదనపు కమ్మీలను ‘ఒరిజినల్ కాదు’ అని కోసి పారేసి, చైను కవరు మీద ఎవరో ఇష్టపడి రాయించుకున్న పేరునూ ఊరినీ గీకేస్తే, చేతిలో మిగిలేది నాటింగ్‌హామ్‌లో బోలెడన్ని ఉన్న వస్తువే. ఆ కమ్మీలున్నది మాత్రం అక్కడ దొరకదు.

ఆ నాటింగ్‌హామ్ కర్మాగారం 2002లో మూతపడింది. ఆ స్థలంలో కొంత భాగం ఇప్పుడు విశ్వవిద్యాలయం ప్రాంగణం. సెన్-ర్యాలీ 1970ల్లో ప్రభుత్వం చేతికి వెళ్ళి, సైకిల్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాగా పేరు మార్చుకుని, ఆ తర్వాత ఆగిపోయింది. అట్లాస్ తన సాహిబాబాద్ ఫ్యాక్టరీని 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం నాడు మూసింది. 28 అంగుళాల రోడ్‌స్టర్ టైర్లు, కమ్మీ బ్రేకుల రబ్బరు కట్టలు మాత్రం మన దేశంలో ఇంకా తయారవుతూనే ఉన్నాయి. పాత ర్యాలీని మళ్ళీ రోడ్డెక్కించాలనుకునే ఇంగ్లండువాళ్ళు వాటిని ఇక్కణ్ణుంచే తెప్పించుకుంటున్నారు.