డిమెన్షియా సంరక్షణకు ప్రభుత్వ సహాయం: కరువు కాలం నుండి నేటి పింఛను దాకా

ప్రతి నెలా మొదటి రోజున బత్తలపల్లెలో పింఛను పంపిణీ జరుగుతుంది. సచివాలయ ఉద్యోగి ఇంటి గుమ్మం దగ్గరికే వచ్చి, వేలిముద్ర తీసుకొని, డబ్బు చేతికిచ్చి వెళతారు. వృద్ధులకు 4,000 రూపాయలు, దివ్యాంగులకు 6,000, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. ఈ మొత్తాలు 2024 జూలైలో అమలులోకి వచ్చాయి. చాలా రాష్ట్రాలతో పోల్చి చూస్తే ఇది తక్కువ సహాయమేమీ కాదు. అయితే ఆ పింఛన్ల జాబితాను మొదటినుండి చివరివరకూ చదివినా డిమెన్షియా అనే మాట మీకు కనపడదు. ఆ వ్యాధిగ్రస్తుణ్ణి రాత్రింబవళ్ళు కనిపెట్టుకొని ఉండే భార్యకో కోడలికో అందులో స్థానమే లేదు. దీనిని ఏ ఒక్క ప్రభుత్వం తప్పిదంగానో చూడడం సులభం. నా ఉద్దేశంలో దీని మూలాలు చాలా పాతవి, వాటిలో కొన్ని ఈ మెట్టభూములలోనే ఉన్నాయి.

ముందుగా వ్యాధి గురించి నాలుగు మాటలు. డిమెన్షియా అనేది ఒకే వ్యాధి పేరు కాదు. మెదడు కణాలు క్రమంగా దెబ్బతినడం వలన జ్ఞాపకం, విచక్షణ, మాట, దైనందిన కార్యాల నిర్వహణ ఒక్కొక్కటిగా సడలిపోయే స్థితి. దీనికి అన్నిటికన్నా ఎక్కువగా కారణమయ్యే వ్యాధిని 1906లో జర్మన్ వైద్యుడు ఆలోయిస్ అల్జీమర్ వివరించాడు. మన ఊళ్ళలో దీనిని ‘చాదస్తం’ అనో, ‘మతి తప్పింది’ అనో అని ఊరుకుంటాము. 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది, డిమెన్షియాతో జీవిస్తున్నారు. ఈ వ్యాధిలో శరీరం చాలా ఏళ్ళపాటు దృఢంగానే ఉండవచ్చు. కాళ్ళు నడుస్తూనే ఉంటాయి, కానీ ఇంటికి తిరిగి వచ్చే దారి తెలియదు. పొయ్యి వెలిగించగలరు, ఆర్పాలని గుర్తుండదు. కనుక మంచాన పడిన రోగికన్నా నడవగలిగే ఈ రోగికే కొన్నిసార్లు ఎక్కువ కాపలా అవసరమవుతుంది. ఈ సంగతి మనసులో ఉంచుకొని తరువాతి చరిత్రను చదవండి.

1876-78 మధ్య వచ్చిన మహాక్షామాన్ని పెద్దలు ధాత కరువు అనేవారు. అప్పటికి అనంతపురం విడి జిల్లా కాదు, బళ్ళారి జిల్లాలో భాగం, 1882లో వేరయింది. ఆ కరువులో రిచర్డ్ టెంపుల్ సహాయ పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా విలువకు తగ్గించి అపఖ్యాతి పాలయ్యాడు. లక్షల మరణాల తరువాత ప్రభుత్వం ఒక కమిషన్‌ను నియమించింది. 1880లో అది నివేదిక సమర్పించింది. దాని ఆధారంగా వివిధ రాష్ట్రాలలో కరువు నిబంధనావళులు వచ్చాయి. పనిచేయగలిగిన వారికి చెరువు తవ్వకం, రోడ్డు పని. చేయలేని వారికి ఇంటి వద్దనే ఉచిత సహాయం అనేది వాటి ప్రధాన సూత్రం.

ఆ ఉచిత సహాయానికి అర్హులెవరో చెప్పే జాబితా ఆసక్తికరమైనది. మతి స్థిమితం లేనివారు, అంగవైకల్యం గలవారు, అంధులు, వయస్సు వలన గానీ బలహీనత వలన గానీ సంపాదించుకోలేనివారు. ఇంతవరకూ మనం ఊహించగలిగినదే. వారి తరువాత మరొక వర్గం ఉంది: ఇంట్లో రోగులనో పసిపిల్లలనో చూసుకోవడానికి తప్పనిసరిగా ఉండవలసినవారు. అంటే, రోగిని వదలి పనికి రాలేని మనిషికి ఆ కారణం మీదనే సహాయం ఇవ్వవచ్చునని ఆ నిబంధనలు చెప్పాయి. దయాగుణం పొంగి ఈ వాక్యం వ్రాశారని నేను అనుకోను. ఖర్చును గింజలతో కొలిచిన పాలన అది. ఆ నిబంధనలు ఎంత అరకొరగా అమలయ్యాయో తరువాతి కరువులే సాక్ష్యం. అయినా, కనిపెట్టుకొని ఉండడం కూడా ఒక పనేనని, దానివలన ఒక కూలి పోతుందని కరువు లెక్కలు వేసిన గుమాస్తాలకు అర్థమైంది.

స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగం 41వ అధికరణంలో వార్ధక్యం, అనారోగ్యం, అశక్తత ఉన్నప్పుడు ప్రభుత్వ సహాయం పొందే హక్కును ఆదేశిక సూత్రంగా చేర్చింది. 1957లో ఉత్తరప్రదేశ్ వృద్ధాప్య పింఛను ప్రారంభించింది. ఇతర రాష్ట్రాలు అనుసరించాయి. కేంద్రం 1995 ఆగస్టు 15న జాతీయ పథకాన్ని ప్రారంభించి, 65 ఏళ్ళు దాటిన నిరాధారులకు నెలకు 75 రూపాయలు ఇచ్చింది. ఇక్కడ ‘నిరాధారులు’ అన్న పదాన్ని గమనించండి. సొంత ఆదాయం గానీ, కుటుంబం నుండి ఆర్థిక ఆసరా గానీ లేనివారని దాని అర్థం. కరువు నిబంధనలలో ఇంటి మనిషి సహాయానికి అర్హురాలు. ఈ పథకంలో ఇంటి మనిషి ఆసరా ఉంటే సహాయం అక్కరలేదు. 2007లో నిరాధారులు అన్న షరతు పోయి దారిద్ర్యరేఖ కొలబద్ద అయింది, కేంద్రం వాటా అంతకుముందు 2006లోనే 200 రూపాయలయింది. నేటికీ 80 ఏళ్ళలోపు వారికి అది 200గానే ఉంది. మిగిలినదంతా రాష్ట్రం భరిస్తున్నదే. అదే 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం బాధ్యతను మళ్ళీ పిల్లలమీదనే పెట్టింది. చూడని కొడుకుకు శిక్ష ఉంది. చూస్తున్న కోడలి ప్రసక్తి లేదు.

మానసిక ఆరోగ్యం వైపు నుండి వచ్చిన దారి కొంత మెరుగు. మనకు పొరుగున ఉన్న బళ్ళారి జిల్లాలోనే 1980లలో బెంగళూరు నిమ్హాన్స్ ఒక ప్రయోగం చేసింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడికే శిక్షణ ఇచ్చి మానసిక వ్యాధులకు, మూర్ఛకు పల్లెలోనే చికిత్స అందించవచ్చని నిరూపించింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. 2002లో మానసిక వైకల్యాన్ని కొలిచే ‘ఐడియాస్’ అనే పద్ధతిని కేంద్రం ఆమోదించినప్పుడు, అది వర్తించే నాలుగు వ్యాధులలో డిమెన్షియా ఒకటి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను పేర్కొన్నది. పార్కిన్సన్స్ పేరు అందులో ఉంది, డిమెన్షియా పేరు లేదు. కానీ మానసిక వ్యాధికి ఆ చట్టం ఇచ్చిన నిర్వచనంలో జ్ఞాపకశక్తి లోపం, దిశాకాలాలు తెలియకపోవడం ఉన్నాయి. పైగా 24వ సెక్షన్, అధిక సహాయం అవసరమైన దివ్యాంగుల విషయంలో సంరక్షకుల భత్యాన్ని కూడా ప్రస్తావించింది. అయితే అది ప్రభుత్వ ‘ఆర్థిక స్తోమతకు లోబడి’ అన్న షరతు కింద ఉన్నది.

డిమెన్షియాను స్పష్టంగా పేరుతో గుర్తించిన మరొక చట్టం ఏదో తెలుసా? 1961 ఆదాయపు పన్ను చట్టం. దాని 80డీడీబీ సెక్షన్ కింద చికిత్స ఖర్చుకు మినహాయింపు ఉండేది. పన్ను కట్టే ఆదాయం గలవారికి అది ఉపయోగం. వేరుశనగ పంట ఎండిపోయి అప్పు మిగిలిన రైతుకు దానితో పనేముంది!

బ్రిటన్‌లో ఈ భత్యం 1976లోనే మొదలైంది, కానీ వివాహిత స్త్రీలకు ఇవ్వలేదు. వారు ఎలాగూ ఇంట్లోనే ఉంటారు కదా అన్నది వాదన. జాక్వెలిన్ డ్రేక్ అనే ఆమె తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం మానుకొని, ఈ నిబంధనపై యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్ళి 1986లో గెలిచింది. జర్మనీ 1995లో సంరక్షణ బీమా తెచ్చింది. స్నానం, భోజనం, కదలిక వంటి శారీరక అవసరాలనే ప్రధానంగా కొలవడం వలన డిమెన్షియా రోగులకు అన్యాయం జరిగింది, 2017లో కొలబద్దనే మార్చవలసి వచ్చింది. మనకు దగ్గరలో కేరళ 2010లో ‘ఆశ్వాసకిరణం’ ప్రారంభించి, మంచాన పడినవారిని చూసే కుటుంబ సభ్యుల చేతికి నెలకు 600 రూపాయల వరకు ఇచ్చింది. మొత్తం చిన్నదే, కానీ సంరక్షకురాలి పేరున వచ్చింది.

మన కరువు పనులకు ఆధునిక వారసురాలైన ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న దేశం మొత్తానికీ ప్రారంభించినది ఎక్కడనుకున్నారు? బత్తలపల్లెకు దగ్గరలోని నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ చట్టంలో ఒక మంచి నిబంధన ఉండేది: పని స్థలానికి ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు, అంతకుమించి వస్తే, వారిని చూసుకొనే ఒక స్త్రీకి కూడా కూలి ఇవ్వాలి. ఇంట్లో మతి తప్పిన మామగారిని చూసుకొనే స్త్రీకి అటువంటిది లేదు. 2024-25లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ కూలి రోజుకు 300 రూపాయలు. వంద రోజులు పోగొట్టుకొంటే 30,000. వృద్ధాప్య పింఛనులో ఏడున్నర నెలల మొత్తం అక్కడే హరించుకుపోతుంది. మగవారు పని వెతుక్కుంటూ బెంగళూరు వెళ్ళిన ఇళ్ళలో ఈ లెక్క ఇంకా బరువైనది.

మీ ఇంట్లో ఇటువంటి వారు ఉంటే ఇప్పుడున్న దారి ‘సదరం’ ధ్రువపత్రం. ముందుగా వైద్యుని వద్ద బి12 లోపం, థైరాయిడ్, కుంగుబాటు వంటి సరిదిద్దగల కారణాలు లేవని నిర్ధారించుకోండి. తరువాత మానసిక వ్యాధి విభాగంలో పరీక్షకు నమోదు చేసుకోండి. 40 శాతం, ఆపైన వైకల్యం ధ్రువపడితే వృద్ధాప్య పింఛనుకు బదులు 6,000 రూపాయల దివ్యాంగుల పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ‘ఐడియాస్’ నాలుగు విషయాలను చూస్తుంది: సొంత పనులు చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పని చేయగలగడం. డిమెన్షియా తొలి దశలో ఉన్నవారు కొత్త మనిషి ముందు పది నిమిషాలు చక్కగా, మర్యాదగా మాట్లాడగలరు. ఎలా ఉన్నారని అడిగితే బాగున్నానంటారు. కాబట్టి శిబిరానికి వెళ్ళే ముందు రెండు వారాలపాటు ఒక నోటు పుస్తకంలో రోజువారీగా వ్రాయండి: ఎన్నిసార్లు దారి తప్పారు, స్నానానికి, మలవిసర్జనకు ఎవరి సహాయం కావలసివచ్చింది, రాత్రి ఎన్నిసార్లు లేచారు. ఆ పుస్తకాన్ని డాక్టరుకు చూపించండి. రోగి వెంట వెళ్ళేది ఊరినుండి సెలవుకు వచ్చిన కొడుకు కాకుండా, రోజూ దగ్గరుండి చూసుకొనే మనిషే అయితే మంచిది.