ఆముదం తాగిన బొమ్మకార్లు

ఆముదం పేరు చెబితే మనకి తలంటూ, చిన్నప్పుడు ముక్కు మూసి పట్టించిన మోతాదూ గుర్తొస్తాయి. అదే ఆముదాన్ని అమెరికాలో, ఐరోపాలో పెద్ద పెద్ద మగవాళ్ళు బొమ్మకార్లకి పట్టించారంటే నవ్వొస్తుంది కదూ! కీ ఇస్తే నడిచే కార్లు కావు నేను చెప్పేవి. నిజం ఇంజనుతో పొగ కక్కుతూ పరిగెత్తేవి. వాటితో ఆడుకున్నది పిల్లలకంటే వాళ్ళ నాన్నలే ఎక్కువ.

1930లలో అమెరికాలో గుప్పెట్లో పట్టే పెట్రోలు ఇంజన్లు అమ్మకానికొచ్చాయి. మొదట వాటిని ఆట విమానాలకి బిగించారు. ఆ దశకం చివరికల్లా అవి కార్లలోకి దిగాయి. కాలిఫోర్నియాలో డూలింగ్ సోదరులు చేసిన మూరెడు పొడవు రేసుకార్లకి మంచి పేరుండేది.

సరే, ఇంజనుంది, చక్రాలున్నాయి. మరి దాన్ని తిప్పేదెవరు? ఎవరూ లేరు! నడిమధ్య గుంజ పాతి, ఉక్కు తీగతో కారుని కట్టేసేవారు. గానుగెద్దులా దాని చుట్టూ తిరగడమే. ఒకడు కర్రతో తోస్తే, మధ్యలో నిలబడ్డవాడు తీగ పట్టుకుని వేగం అందుకునేదాకా తనూ తిరిగేవాడు. బ్రేకులు లేవు. ఆపాలంటే కారుమీద లేచి ఉన్న చిన్న మీటని తగిలేలా చీపురు అడ్డం పెట్టేవారు. చీపురు ఇలా కూడా అక్కరకొస్తుందని మనకి తోచలేదు!

ఆట అన్నాను గాని, ప్రమాదం లేనిది కాదు. ఇప్పటికీ ఐరోపాలో ఈ పందేలున్నాయి. పెద్ద తరగతి కార్లు గంటకి 300 కిలోమీటర్లు దాటుతాయి. మూడు కిలోల బరువుండే కారు ఆ వేగంలో తీగని రెండు క్వింటాళ్ళ బరువు వేలాడేసినట్టు లాగుతుంది. తెగిందా, ఇక అది బొమ్మ కాదు, ఫిరంగి గుండే. అందుకే చుట్టూ గట్టి కంచె.

ఆముదం సంగతికొస్తాను. పెట్రోలు మండాలంటే నిప్పురవ్వ కావాలి. దానికి కాయిలూ, బ్యాటరీలూ, అంత బరువూ బుల్లి కారే మోయాలి. 1947లో రే ఆర్డెన్ అనే అమెరికన్ గ్లో ప్లగ్గు తెచ్చాడు. అందులో సన్నని ప్లాటినం తీగచుట్ట ఉంటుంది. ఒక్కసారి బ్యాటరీతో వేడెక్కిస్తే చాలు, తర్వాత మెథనాల్ అనే స్పిరిటు ఆవిరికి అదే ఎర్రగా కాలుతూ ఉంటుంది. అంచేత పెట్రోలు పోయి స్పిరిటు వచ్చింది. ఆముదం పెట్రోల్లో సరిగ్గా కలవదు, స్పిరిట్లో చక్కగా కలుస్తుంది. ఎంత వేడిలోనైనా ఇనుముని అంటిపెట్టుకునే ఉంటుంది. అన్నట్టు, క్యాస్ట్రాల్ అనే ఇంజనాయిల్ పేరు కూడా ఆముదం ఇంగ్లీషు పేరులోంచి పుట్టిందే.

మరి తీగ ఎలా తెగింది? రేడియోతో. 1898లోనే న్యూయార్కులో నికోలా టెస్లా ఒక చిన్న పడవని రేడియో అలలతో నడిపి జనాన్ని నివ్వెరపరిచాడు. కాని అది సామాన్యుల చేతికి రావడానికి ట్రాన్సిస్టర్లు రావాల్సివచ్చింది. 1960ల చివరా, 1970ల మొదట్లో అమెరికాలో, ఇంగ్లండులో రేడియోతో నడిచే ఇంజను కార్ల పందేలు ఊపందుకున్నాయి.

నన్నడిగితే అసలు మలుపు ఇదే. తీగ రోజుల్లో కారు వదిలాక యజమాని చేసేదేమీ లేదు. ఇంట్లో లేతు మిషనూ, దాన్ని వాడే ఒడుపూ ఉన్నవాడిదే పైచెయ్యి. రేడియో వచ్చాక మలుపు దగ్గర ఎప్పుడు వేగం తగ్గించాలో తెలిసిన వేళ్ళకి విలువొచ్చింది. తండ్రి నెలల తరబడి బిగించిన కారుని పన్నెండేళ్ళ కూతురు ఆయనకంటే బాగా నడపొచ్చు. గుంజ దగ్గర ఆ మాటకి చోటే లేదు.

1976లో జపానులోని తమియా కంపెనీ బ్యాటరీతో నడిచే పోర్షె కారు తెచ్చింది. మోత లేదు, మరక లేదు. దాంతో ఈ సరదా పిల్లల గదుల్లోకి నడిచింది. పెట్రోలు పని అయిపోయిందనుకుంటారేమో, లేదు! గడ్డి కోసే మిషన్లలో వాడే 23 సీసీల రకం ఇంజన్లు పెట్టి, చంటిపిల్లాడంత బరువుండే కార్లు చేశారు. ఇంధనం కోసం ప్రత్యేకం దుకాణానికి పోనక్కర్లేదు. పెట్రోలు బంకు చాలు. పాత లాంబ్రెట్టా స్కూటర్లకి పోయించినట్టే పెట్రోల్లో కాస్త ఆయిల్ కలుపుకోవడమే.

స్పిరిటు కార్లవాళ్ళు మాత్రం వేరే. వాళ్ళ డబ్బాల్లో ఇప్పుడు చాలావరకు కృత్రిమ నూనెలే. అయినా ఇంజను ఎక్కడ పట్టేస్తుందోనని, అందులో రవ్వంత ఆముదం కలుపుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు.