తెలుగు లిపియు యంత్రముల తడబాటును



కంప్యూటరు తెరపై తెలుగు వ్రాత చూడబోగా అర్థములేని గుర్తుల వరుస కానవచ్చుట మీలో పెక్కండ్రకు అనుభవమే. పాడైపోయినదని దానిని చెరిపివేయువారు కలరు. పలుమారులు చెడినది పత్రము గాదు, చదువుట మాత్రమే. కుటుంబముల పంపకపు చిత్తులు, వంశవృక్షములు సయితము నేడు ఈ యంత్రములలోనే యున్నవి గనుక ఈ భేదము నెఱుగుట మేలు.

యంత్రమునకు అక్షరము తెలియదు, అంకెయే తెలియును. 1963లో అమెరికావారు ఆస్కీ యను అంకెల పట్టిక నేర్పఱచిరి. అందు 128 స్థానములే. అవి ఇంగ్లీషునకు చాలినవి, తక్కిన లోకమునకు చోటు లేదాయెను. 1991లో మన భారతీయ ప్రమాణసంస్థ ఇస్కీ యను పట్టికను అంగీకరించెను. అందలి సూత్రము వ్యాకర్తలు మెచ్చదగినది: తెలుగు, అరవ, కన్నడ కకారములకు అంకె యొక్కటియే, లిపి మాత్రము వేఱు.

అయినను ముద్రణశాలలవారు ఆ దారి పట్టలేదు. ఇంగ్లీషు అక్షరముల అంకెలమీదనే తలకట్టులను, కొమ్ములను, వత్తులను కూర్చిన ఫాంట్లను వాడిరి. అను ఫాంట్లు అట్టివే. ఆ ఫాంటు లేని యంత్రమున అదే శుభలేఖ ఇంగ్లీషు పిచ్చివ్రాతగా తోచును. ఒక్కొక్క కర్త ఒక్కొక్క తీరున అమర్చుటచే ఒకరి వ్రాత యొకరికి కొఱగాకపోయెను.

1991 అక్టోబరులోనే యూనికోడు వెలువడెను. అందు తెలుగునకు 3072 మొదలు 3199 వఱకు స్థానములు కలవు. అరవ కకారము 2965, మనది 3093, కన్నడమువారిది 3221. నడుమ సరిగా 128 అంకెల యెడము. కుప్పమువారికి ఈ యమరిక వింత గాదు. ఒకప్రక్క అరవసీమ, ఒకప్రక్క కన్నడసీమ, మధ్య మనము!

1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు ఈ యంకెలను దాచు యూటీయెఫ్-8 అను పద్ధతిని కల్పించిరి. దానియందు ప్రతి తెలుగు సంకేతమును మూడేసి బైట్లుగా నిలుచును. 'క' యనగా 224, 176, 149. మొదటిది ఎల్లప్పుడును 224. రెండవది 176 గాని, 177 గాని. పాశ్చాత్యుల పాతపట్టికతో చదివినచో 224 తలపై గీతగల ఇంగ్లీషు 'ఎ'గాను, 176 ఉష్ణోగ్రతకు వ్రాయు చిన్నసున్నగాను కనబడును. ఈ జంట మాటిమాటికి వచ్చుచున్నచో సంతోషింపుడు. తెలుగు లోపల క్షేమముగానే యున్నది, చదువు పద్ధతిని మార్చిన చాలును. డొల్లపెట్టెలు కనబడినచో ఫాంటు లేదన్నమాట. అన్నియు ప్రశ్నార్థకములే యయినచో మాత్రము అక్షరములు మార్పులో నశించియుండును. అప్పుడు మూలప్రతిని వెదకవలసినదే.

ఆజ్ఞలు టైపుచేసి పని చేయించు నల్లతెర యొకటి కలదు. అందు ప్రతి గుర్తునకు సమానమైన గడి. మన 'స్త్ర' యంత్రము లెక్కలో ఐదంకెలు: మూడు హల్లులు, రెండు పొల్లులు. మనకు అది ఒక్క అక్షరము. గడులలో ఇముడక వత్తు ప్రక్కకు జాఱును. లోపలి అంకెలు సరియే. చిత్రించు నేర్పే చాలదు.

2002లో హ్యూలెట్ ప్యాకర్డు సంస్థ ప్రభుత్వముతో గూడి కుప్పము ప్రాంతమున సమాచారకేంద్రములు పెట్టెను. యంత్రములు పల్లెకు వచ్చినవి. అయినను లిపి చిక్కులు మహాసంస్థలను సయితము వీడలేదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' యను అక్షరము, జకారము, పొల్లు, ఞకారము, కనబడని సంకేతమొకటి, దీర్ఘము అను వరుసలో వచ్చినంతనే ఐఫోనులలోని సాధనములు కూలిపోయెను! జ్ఞానమునకు మొదటి యక్షరమే వారికి కొఱుకుడు పడలేదు. ఆ నెల 19వ తేదీన ఆపిల్ సంస్థ సవరణ విడుదల చేసెను.

పాత ఫాంట్ల వ్రాతను యూనికోడునకు మార్చు సాధనములు నేడు లభించుచున్నవి. మార్చుటకు ముందు మూలపత్రమునకు నకలు తీసి వేఱుగా నుంచుడు. తారుమారైన దానిని అట్లే మరల భద్రపఱచినచో తప్పు లోపలికి దిగును. కడపలో బ్రౌను దొర పండితులను గూర్చి తాళపత్రప్రతులను సరిపోల్పించినట్లే, మార్చిన ప్రతిని పాత కాగితముతో పోల్చి చూడుడు. ముఖ్యముగా పేర్లను, సర్వే నంబరులను ఒక్కొక్కటిగా పైకి చదివి సరిచూచుకొనుడు.