కరి కట్టిన కార్లు

మార్టూరు దగ్గర హైవే ఎక్కి దక్షిణంగా బయల్దేరితే మేదరమెట్ల, ఒంగోలు, కావలి, నెల్లూరు, నాయుడుపేట, తడ వరసగా తగులుతాయి. తడ దాటితే తమిళనాడు. ఇంకాస్త ముందుకు పోతే, మద్రాసు ఇంకా రాకముందే, పాత జీఎన్‌టీ రోడ్డు మీద షోలవరం వస్తుంది. మనకూ దానికీ మధ్య సుమారు 300 కిలోమీటర్లు. మన పత్తి బేళ్ళ లారీలు, మిర్చి టిక్కీల లారీలు, గ్రానైటు బండలు మోసే ట్రాలీలు ఏళ్ళ తరబడి ఆ ఊరి మీదుగానే మద్రాసు వెళ్ళాయి. అక్కడ రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఒకటి ఉంది. యుద్ధం ముగిసి విమానాలు వెళ్ళిపోయాక దాని మీదికి కార్లు వచ్చాయి. 1950ల నుంచి 1980ల చివరిదాకా దక్షిణాదిన కారు పందెం అంటే షోలవరమే.

ఇప్పుడు మనవాళ్ళను కారు పందెం గురించి అడిగితే హైదరాబాద్ పేరు చెబుతారు. 2022 నవంబరులో ఇండియన్ రేసింగ్ లీగ్ హుస్సేన్‌సాగర్ ఒడ్డుకు వచ్చింది. 2023 ఫిబ్రవరి 11న అదే ఒడ్డున కరెంటు కార్ల పందెం ఫార్ములా-ఇ జరిగింది. 2.8 కిలోమీటర్ల దారి, 18 మలుపులు. ఫ్రాన్స్ డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు, మన మహీంద్రా జట్టు కారు ఆరో స్థానంలో వచ్చింది. మరుసటి ఏటికి ఫిబ్రవరి 10 అని తేదీ కూడా పడింది. ఈలోగా ప్రభుత్వం మారింది. 2024 జనవరి 5న రేసు లేదని నిర్వాహకులు ప్రకటించారు. ఆ తర్వాత మిగిలినవి లెక్కలు, కేసులు, కోర్టులు.

హైదరాబాద్ రేసు పోయిందని చాలామంది బాధపడ్డారు. వాళ్ళ బాధ నిజమే. కానీ ఆ పందెం మన దగ్గర పుట్టింది కాదు. ఒప్పందం మీద వచ్చింది, ఒప్పందం చెడగానే కంటైనర్లలో సర్దుకుని ఇంకో దేశం పోయింది. దిల్లీ పక్కన బుద్ధ్ సర్క్యూట్‌లో ఫార్ములా వన్ కూడా 2011 నుంచి మూడేళ్ళే ఉంది. అంతకు చాలా ముందు, మన మాట మాట్లాడే ఇంట పుట్టిన ఒకాయన, మన మిస్త్రీల చేత, మన ఇంజను మీద పందెపు కారు కట్టించాడు. నాకు గుండె కలుక్కుమనేది ఆయన్ని తలుచుకున్నప్పుడు.

ముందు షోలవరం సంగతి చెప్పాలి. రన్‌వే సూటిగా ఉంటుంది, మలుపుల్లేవు. డ్రమ్ములూ టైర్లూ గడ్డిమోపులూ అడ్డంపెట్టి మలుపులు పుట్టించేవారు. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో ఏర్పడింది. నేల మిలిటరీది గనక ప్రతిసారీ అనుమతి కోసం తిరగాల్సిందే. పందేల్లో అన్ని రకాల బళ్ళూ దిగేవి. మోటారు సైకిళ్ళకు ఒక పందెం, ఇంజను సైజును బట్టి ఫియట్, హెరాల్డ్, అంబాసిడర్లకు వేరే తరగతులు, రాజాలూ డబ్బున్నవాళ్ళూ తెప్పించుకున్న విదేశీ కార్లకు ఇంకొకటి. 1980ల మొదట్లో విజయ్ మాల్యా ఎన్‌సైన్ ఫార్ములా వన్ కారునే తెచ్చి అక్కడ తిప్పాడు.

జనం ఆ కారును నోరు తెరుచుకుని చూసి ఉంటారు. నాకు మాత్రం ఫియట్‌ల మీదే మమకారం. మారుతి 1983 డిసెంబరులో రోడ్డెక్కేదాకా మామూలు మనిషికి ఈ దేశంలో దొరికే కార్లు రెండో మూడో. పెళ్ళికూతుర్ని అత్తారింటికి తీసుకెళ్ళే కారూ, టాక్సీస్టాండులో నిలబడే కారూ, పందెంలో పరుగెత్తే కారూ ఒకటే. 1,089 సీసీల ఆ ఫియట్ ఇంజను దగ్గర ఇంకొంచెం బలం రాబట్టడానికి మెకానిక్కులు పడ్డ పాట్లు తలుచుకుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. సిలిండర్ హెడ్డు ఊడదీసి, దాని అడుగు ముఖాన్ని వెంట్రుక మందాన చెక్కేవారు. హెడ్డు పల్చబడితే లోపలి గది ఇరుకవుతుంది, పెట్రోలూ గాలీ ఇంకా గట్టిగా నలుగుతాయి, నిప్పురవ్వ పడగానే పిస్టన్‌ను గట్టిగా తంతాయి. ఒక్క పిసరు ఎక్కువ చెక్కారా, గాస్కెట్ పేలిపోతుంది, లేదా పిస్టన్‌కు చిల్లి పడుతుంది. వెనక సీట్లు, లోపలి గుడ్డలు, కార్పెట్లు అన్నీ పీకేసి బరువు తగ్గించేవారు. ఇంత చేసినా నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. రన్‌వే మీద పూర్తి వేగంతో వచ్చి మలుపు దగ్గర పదేపదే తొక్కితే అవి కాగిపోయి పట్టు వదిలేసేవి. డ్రైవరు గేరు దించి, ఇంజను బిగువుతోనే బండిని ఆపుకోవాలి.

మన హైవే షెడ్లలో లారీ కింద పడుకుని పనిచేసే మెకానిక్కుకు ఈ చదువంతా వచ్చు. అతనికి దొరకనిది పందెం కోసమని మొదటి నుంచీ కట్టిన కారు. అలాంటిది కావాలంటే విదేశాల నుంచి తెప్పించుకోవాలి. సుంకం కారు ధరను మించిపోయేది. అందుకే పందెం పెద్దింటి పిల్లల దగ్గరే ఆగిపోయింది.

ఆ తాళం తీసింది కోయంబత్తూరు. విజయనగర కాలంలో దక్షిణానికి వలసపోయిన తెలుగు కుటుంబాలు ఆ ఊరి చుట్టూ ఉన్న కొంగునాట స్థిరపడి, పత్తి పండించి, తర్వాత మిల్లులు పెట్టాయి. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. 1937లో జి.డి.నాయుడు అక్కడే కరెంటు మోటారు తయారుచేశారు. లక్ష్మీ మిల్స్ పెట్టిన కుప్పుస్వామి నాయుడు వంశం కూడా అలాంటిదే. మన చిలకలూరిపేట, మార్టూరు స్పిన్నింగు మిల్లుల్లో రింగ్ ఫ్రేముల మీద లక్ష్మీ మెషిన్ వర్క్స్ అన్న పేరు చూసినవాళ్ళకు ఆ కుటుంబం కొత్త కాదు. 1954లో పుట్టిన సుందరం కరివర్ధన్ ఆ ఇంటి బిడ్డే. రేసింగు లోకానికంతా ఆయన ‘కరి’.

మిల్లులు చూసుకుంటూ, పత్తి లెక్కలూ కండె లెక్కలూ మాట్లాడుకుంటూ హాయిగా బతికేయగలిగేవాడు. ఆయన పందెపు కార్ల వెంట పడ్డాడు. తానూ షోలవరంలో నడిపాడు, గెలిచాడు. ఇంజన్లు విప్పాడు, బిగించాడు, ఇతరులకు సానబెట్టి ఇచ్చాడు. గెలిచిన కప్పులు అరలో పెట్టుకుని తృప్తిపడే మనిషి కాడు. నడపగలిగే కుర్రాళ్ళు ఈ దేశంలో ఉన్నారు, వాళ్ళను కూర్చోబెట్టడానికి కారు లేదు అన్నది ఆయనకు అర్థమైంది. మిల్లు యంత్రాలకు విడిభాగాలు చేసే లేతు మిషన్లు, వెల్డర్లు, టర్నర్లు, ఫిట్టర్లు ఆ ఊళ్ళో అడుగడుక్కీ ఉన్నారు. కారుకు కావలసిందీ ఆ చేతులే.

1988 ప్రాంతంలో కరి కట్టించిన పందెపు కారు ఫార్ములా మారుతి వచ్చింది. ఉక్కు గొట్టాలు అతికించి చేసిన చట్రం, దాని మీద ఫైబర్ తొడుగు, ఒక్కడే కూర్చునే సీటు, చక్రాలు బయటికి. వీపు వెనక మన మారుతి 800 ఇంజను: 796 సీసీలు, మూడు సిలిండర్లు. ఊళ్ళో డాక్టరుగారి కారులో ఉండేదే. పాడైతే ఏ ఊళ్ళోనైనా భాగం దొరుకుతుంది, ఏ మెకానిక్కైనా విప్పగలడు. అందరిదీ ఒకటే కారు గనక ఎవరి తండ్రి సంపాదన ఎంతన్నది అక్కడ చెల్లదు. బ్రేకు ఎక్కడ తొక్కాడు, మలుపులోకి ఎంత ధైర్యంగా వదిలాడు అన్నదే చూస్తారు. ఈ దేశపు మోటారు రేసింగులో ఇంతకన్నా పెద్ద పని ఇంకెవరూ చెయ్యలేదని నా నమ్మకం. హుస్సేన్‌సాగర్ మీద వెలిగిన దీపాలన్నీ కలిపినా ఆ ఎనిమిది వందల సీసీల ఇంజనుకు సరితూగవు.

1990లో క్లబ్బుకు సొంత నేల వచ్చింది. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ట్రాక్ కట్టారు. పందేలు అక్కడికి తరలిపోయాయి. ప్రాణానికి భద్రత కావాలి, మిలిటరీ అనుమతి కోసం చేతులు కట్టుకునే అవస్థ తప్పాలి, కాబట్టి తరలడం న్యాయమే. షోలవరం మటుకు ఆ రోజుతో మూగబోయింది. నలభై ఏళ్ళకు దగ్గరగా ఇంజన్ల చప్పుడు విన్న రన్‌వే మళ్ళీ ఒట్టి రన్‌వే అయింది.

పోనీ, స్థలం పోతే ఇంకో స్థలం వచ్చింది, మనిషి ఉన్నాడు కదా అనుకోవచ్చు. అదీ ఐదేళ్ళే. కరికి ఎగరడమన్నా ఇష్టమే. 1995 ఆగస్టులో ఆయన ఉన్న చిన్న తేలికపాటి విమానం కూలిపోయింది. నలభై దాటి ఎన్నాళ్ళూ కాలేదు. గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగాన డ్రమ్ముల మధ్య తిరిగి ఒళ్ళు చెక్కుచెదరకుండా ఇంటికొచ్చిన మనిషి గాలిలో పోయాడు.

కార్లు కట్టేవాడి చావు డ్రైవరు చావు లాంటిది కాదు. డ్రైవరు పోతే వెనక వరసలోవాడు ముందుకొస్తాడు. కట్టేవాడు పోతే, అతని తలలో సగం గీసి ఉన్న కారు అతనితోనే పోతుంది. ఆ తర్వాత కోయంబత్తూరులో వేరేవాళ్ళు పని ఆపలేదు. చెట్టిపాళయంలో 2.1 కిలోమీటర్ల ట్రాక్ వేసి కరి మోటార్ స్పీడ్‌వే అని పేరు పెట్టారు. ఇక్కడే కట్టిన కార్లు ఇప్పటికీ దాని మీద పరుగెత్తుతున్నాయి. వాళ్ళకు రుణపడి ఉండాలి. అయినా, మారుతి ఇంజనుతో మొదలుపెట్టిన మనిషి పదేళ్ళు పోతే ఎక్కడికి చేరేవాడు, ఆ కార్లు కోయంబత్తూరు దాటి విజయవాడకో ఒంగోలుకో వచ్చి ఉండేవా, మన జిన్నింగు మిల్లు యజమాని కొడుకూ, అదే మిల్లులో ఫిట్టరు కొడుకూ ఒకే రకం కార్లలో పక్కపక్కన నిలబడి ఉండేవాళ్ళా అన్నది తల్చుకున్నప్పుడల్లా నాకు మింగుడు పడదు.

1990ల మొదట్లో శ్రీపెరుంబుదూరులో ఫార్ములా మారుతి ఎక్కి తొలి పందెం నడిపినవాళ్ళలో నారాయణ్ కార్తికేయన్ అనే కోయంబత్తూరు కుర్రాడున్నాడు. 2005 మార్చి 6న మెల్‌బోర్న్‌లో అతను జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్ బరిలో దిగాడు. భారతదేశం నుంచి ఆ బరిలోకి దిగిన మొదటివాడు అతనే. పదిహేనో స్థానంలో ముగించాడు. డ్రైవరు మనవాడు, కారు ఇంగ్లండులో కట్టింది.