తాటాకు చక్రం నుంచి పసుపు మీటరు దాకా

భాస్కరాచార్యుడు 1150లో రాసిన ‘సిద్ధాంత శిరోమణి’లో యంత్రాధ్యాయం అని ఒక భాగం ఉంది. చక్రం అంచు చుట్టూ కాలువ తొలిచి, దాన్ని తాటాకుతో కప్పి మైనంతో అతికి, లోపల ఒక సగం నీళ్లూ ఇంకో సగం పాదరసమూ నింపితే అది తనంతట తానే తిరుగుతుందని అందులో చెప్పాడాయన. ఇంకో రకంలో చక్రం ఆకులే బోలుగా, కాస్త వంపుగా ఉంటాయి. వాటిలో సగం దాకా పాదరసం పోయాలి. వీటికి స్వయంవహ యంత్రాలని పేరు. అంతకు ఐదు శతాబ్దాల ముందే, 628లో, బ్రహ్మగుప్తుడు కూడా పాదరసపు చక్రం సంగతి రాశాడు. తాటాకు, మైనం, పాదరసం... ఊహంతా మనదే. ఏమీ పెట్టకుండానే కరెంటు వస్తుందనే ‘ఫ్రీ ఎనర్జీ’ అనగానే టెస్లా ఫోటో పెట్టేవాళ్లకు ఈ సంగతి తెలిసినట్టు లేదు.

ఆ చక్రం ఎందుకు తిరగదంటే, దిగే వైపు పాదరసం ఇరుసుకు దూరంగా జరుగుతుంది, నిజమే. కానీ ఎక్కే వైపు, ఏ క్షణంలో చూసినా, పాదరసం ఎక్కువ చోట్ల పోగై ఉంటుంది. దూరం ఇచ్చిన లాభాన్ని బరువు మింగేస్తుంది. నాలుగు ఊపులు ఊగి ఆగిపోతుంది.

ఈ ఊహ మన దగ్గర్నుంచి అరబ్బుల మీదుగా యూరప్ చేరిందని లిన్ వైట్ అనే చరిత్రకారుడి వాదన. 13వ శతాబ్దంలో ఫ్రాన్సులో విల్లార్ ద హొన్నెకూర్ సుత్తులు వేలాడే చక్రం బొమ్మ గీశాడు. అసలు కథంతా జర్మనీవాడు యోహాన్ బెస్లర్‌ది. 1717లో కాసెల్ దగ్గరి కోటలో అతని పెద్ద చక్రాన్ని తాళం వేసి, సీలు వేసిన గదిలో ఉంచారు. దాదాపు రెండు నెలల తర్వాత తెరిస్తే ఇంకా తిరుగుతూనే ఉంది. 1721లో గ్రావెసాండె అనే శాస్త్రవేత్త వచ్చి ఇరుసును పరీక్షగా చూసేసరికి బెస్లర్‌కు కోపం వచ్చి చక్రాన్ని పగలగొట్టేశాడు. మరో ఆరేళ్లకు, పక్క గదిలోంచి మనుషులే తిప్పేవాళ్లని అతని పనిమనిషి సాక్ష్యం చెప్పింది. ఆమె మాట ఎంతవరకు నమ్మాలో ఇప్పటికీ తేలలేదు. ఇరుసు చూడనివ్వనివాడి మాట మాత్రం నేను నమ్మను.

ఇలాంటి తనంతట తిరిగే యంత్రాల దరఖాస్తులతో విసిగి పారిస్ సైన్సు అకాడమీ 1775లో వాటిని చూడటమే మానేసింది. 1840లలో మేయర్, జౌల్, హెల్మ్‌హోల్ట్జ్ శక్తి నిత్యత్వాన్ని స్థిరపరిచాక చక్రాల జోరు తగ్గి, తీగచుట్టల వంతు వచ్చింది.

మన దేశంలో ఈ దారిలో అందరికంటే పెద్ద పేరు పరమహంస తివారీది. కైగా అణు విద్యుత్ కేంద్రం నిర్మాణంలో పెద్ద హోదాలో పనిచేసిన ఇంజినీరు. ఇచ్చినదానికంటే ఎక్కువ కరెంటు తీసే జనరేటరు చేశానన్నాడు. స్వతంత్ర పరీక్షల్లో అది రుజువై వాడుకలోకి రాలేదు. ఆయన చదువు తక్కువదేమీ కాదు. ఈ పిచ్చి చదువుకోనివాళ్లదని కొట్టిపారేయడం తప్పని చెప్పడానికే ఆయన్ను తలిచాను.

బోరు మోటారు కాలితే వైండింగ్ షాపుకు పరిగెత్తే రైతుకూ, ఆ షాపులో ఎనామిల్ తీగ చుట్టే కుర్రాడికీ ఈ ఆశ కలగడం సహజం. మోటారుకు బెల్టుతో కారు ఆల్టర్నేటర్ బిగించి, ఆ కరెంటును ఇన్వర్టర్ ద్వారా మళ్లీ మోటారుకే ఇస్తే సరిపోదా అని. లెక్క చూద్దాం. మోటారు 80 శాతం, బెల్టు 95, ఆల్టర్నేటర్ 55, ఇన్వర్టర్ 85. వంద వాట్లు పోస్తే చుట్టు తిరిగి వచ్చేసరికి 35 మిగులుతాయి. మిగతా 65 ఇన్వర్టర్‌కు కట్టిన బ్యాటరీ పెడుతుంది. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ ఆ నష్టాన్ని ఒక రోజుకు పైగా భరించగలదు. ఇక పది నిమిషాల వీడియోలో ఎవరికి తెలుస్తుంది?

అందరి బల్లల మీదా కనిపించే చిన్న సర్క్యూట్ ‘జౌల్ థీఫ్’. 1999 నవంబరులో ‘ఎవ్రీడే ప్రాక్టికల్ ఎలక్ట్రానిక్స్’ అనే బ్రిటిష్ పత్రికలో కపార్నిక్ అనే పాఠకుడు పంపిన సర్క్యూట్‌తో ప్రచారంలోకి వచ్చింది. ఆ పేరు తర్వాత పెట్టిందే. ఫెర్రైట్ రింగు మీద రెండు చుట్టలు, ఒక ట్రాన్సిస్టర్, ఒక రెసిస్టర్, ఒక ఎల్ఈడీ. అంతే. గడియారంలోంచి తీసి పారేసిన సెల్లుతో కూడా ఇది గంటల తరబడి వెలుగుతుంది. తెల్ల ఎల్ఈడీకి 3 వోల్టులు కావాలి, సెల్లులో దానికి సగం కూడా లేదు. అది చూసి ఫ్రీ ఎనర్జీ అనుకోనివాడెవడు? నిజానికి చచ్చిందనుకున్న సెల్లులో ఇంకా సరుకుంది. దాని వోల్టేజీని ఈ చుట్ట పెంచి పల్సులుగా కొడుతోంది.

మోసమంతా కొలతలో ఉంది. 1.2 వోల్టుల సెల్లు నుంచి సగటున 50 మిల్లీ ఆంపియర్లు పోతున్నాయనుకోండి. ఇచ్చింది 60 మిల్లీవాట్లు. ఎల్ఈడీ దగ్గర శిఖరాలు చూస్తే 3.2 వోల్టులు, 100 మిల్లీ ఆంపియర్లు. గుణిస్తే 320. ఐదు రెట్లు వచ్చిందని కేకలు! కానీ ఆ కరెంటు త్రికోణంలా పడిపోతూ పావు వంతు కాలమే ఉంటుంది. సగంలో పావు తీస్తే 40 మిల్లీవాట్లు. పసుపు రంగు డీటీ-830 మీటరు తప్పేమీ లేదు. దాని ఏసీ రేంజిని ఇంటి కరెంటు లాంటి సైన్ తరంగానికి సరిచూసి ఇచ్చారు, సెకనుకు వేలసార్లు కొట్టే ముళ్లలాంటి పల్సులకు కాదు.

ఖర్చు లేని మందు ఉంది. సెల్లుకు వరసలో 1 ఓమ్ రెసిస్టర్ పెట్టండి. దాని మీద ఒక మిల్లీవోల్టు అంటే ఒక మిల్లీ ఆంపియర్. మీటరుకు ముందు 10 కిలో ఓమ్ రెసిస్టర్, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ కట్టి డీసీ రేంజిలో చూస్తే ముళ్లు అణిగి సగటు తేలుతుంది. వెలుతురుకైతే వెలుతురును బట్టి నిరోధం మారే ఎల్‌డీఆర్‌ను నల్ల డబ్బాలో పెట్టి దాని నిరోధం రాసుకోండి. తర్వాత అదే ఎల్ఈడీని మామూలు డీసీతో వెలిగించి అదే నిరోధం వచ్చేదాకా కరెంటు పెంచండి. ఆ డీసీ వాట్లే దాదాపు అసలు వాట్లు.

ఊరకే వచ్చే శక్తి అసలు లేదా అంటే, పాములపాడు మండలంలో బానకచర్ల క్రాస్ రెగ్యులేటర్ ఉంది. పోతిరెడ్డిపాడు నుంచి వచ్చిన కృష్ణ నీళ్లు అక్కడ చీలి తెలుగుగంగకూ, ఎస్సార్బీసీకీ, కేసీ కాలువకూ పోతాయి. మోటారు లేకుండా పారే ఆ నీళ్లను పైకెత్తింది ఎండ. శ్రీశైలం ఎడమ గట్టున ఉన్న ఆరు 150 మెగావాట్ల యంత్రాలు నీళ్లను వెనక్కి తోడగలవు కూడా. పాణ్యం దగ్గర పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టుదీ అదే పద్ధతి. ఎక్కడైనా నాలుగు యూనిట్లు పెట్టి ఎక్కిస్తే దిగేటప్పుడు వచ్చేది మూడు చిల్లరే.

మన పేటెంట్ల చట్టం, 1970 సెక్షన్ 3(ఏ) ప్రకారం స్థిరపడిన ప్రకృతి సూత్రాలకు స్పష్టంగా విరుద్ధమైన దావాకు పేటెంటు రాదు. కాబట్టి ‘పేటెంటు పొందిన కరెంటు లేని మోటారు’ అని ఎవరైనా మీ ఊళ్లో అడ్వాన్సు అడిగితే పేటెంటు నంబరు అడగండి. ఆ తర్వాత బ్యాటరీ పీకేసి, మీ ఎదురుగా, మీ పొలంలో, రాత్రంతా నడిపి చూపించమనండి. డబ్బు మాట తెల్లారాక మాట్లాడవచ్చు.