బందరు ఎరుపు వెలిసిపోదెందుకు?

బందరు పేరెత్తితే మన పెద్దలు రెండు సంగతులు చెప్పేవారు. ఒకటి హల్వా, రెండవది అద్దకం. హల్వా గురించి వ్రాయడానికి మాకన్నా అర్హులు చాలామంది ఉన్నారు గనుక మేము అద్దకం సంగతే ఎత్తుకుంటున్నాము.

"గుడ్డ చిరగాలే గాని రంగు పోదు" అని ఆ అద్దకానికి పేరు. ఎందుకు పోదయ్యా అంటే, ఒకరు నీళ్ళ మహిమ అంటారు, మరొకరు రంగ్రేజు హస్తవాసి అంటారు. మా ఇంట పెండ్లికి ఒక దుకాణంలో కొన్న ఎర్ర దుపట్టా మొదటి ఉతుకులోనే బకెట్టునంతా ఎర్ర చేసి, అందులో ఉన్న తెల్ల లాల్చీని గులాబీ రంగుకు తెచ్చింది. అదీ ఎరుపే, ఇదీ ఎరుపే. తేడా ఎక్కడున్నదని అప్పటినుంచి విచారిస్తూ వచ్చాము.

గోల్కొండ కుతుబ్ షాహీల కాలంలో మచిలీపట్నం పెద్ద రేవు. 'కలంకారీ' అనే మాటే ఫారసీ నుంచి వచ్చింది. కలముతో చేసే పని అని దాని అర్థం. మెహరాబు కమాను, సరో చెట్టు వేసిన జానమాజులు, పరదాలు ఇక్కడినుంచి ఇరానుకు ఓడల మీద వెళ్ళేవి. 1611లో ఇంగ్లీషు కంపెనీ వారు ఇక్కడ కోఠీ పెట్టారు. వారికి ముందే డచ్చివారు వచ్చి ఉన్నారు. మన దేశపు రంగు గుడ్డల మోజు ఐరోపాలో ఎంత ముదిరిందంటే, 1686లో ఫ్రాన్సు వాటి దిగుమతిని నిషేధించింది. 1721లో ఇంగ్లండు తొడుక్కోవడాన్నే తప్పు చేసింది. వారి అద్దకపువారు ఎరుపు దించలేక కాదు. నూలు గుడ్డ మీద ఉతుకుకు నిలిచేలా దించలేక.

ఇక పని తీరు చూద్దాం. ముందు గుడ్డను పేడనీళ్ళలో నానబెట్టి, ఎండబెట్టి, ఉతికి తెల్లన చేస్తారు. తరువాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. తుప్పు ఇనుమును బెల్లపునీళ్ళలో పులియబెట్టిన ద్రావణంతో గీత గీస్తే, కరక్కాయ వగరుతో కలిసి అక్కడికక్కడే నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట మాత్రం ఎర్ర రంగు అద్దరు! పటిక నీళ్ళు అద్దుతారు. ఆరిన తరువాత పారే నీళ్ళలో జాడించి, అంటీ అంటని పటికను పోగొడతారు. అప్పుడు చిరివేరు వేసిన కాగులో గుడ్డంతా ఉడికిస్తారు. పటిక పడిన చోటే ఎరుపు నిలుస్తుంది. మిగతా చోట్ల పట్టిన కాస్త మకిలి ఎండకు, ఉతుకుకు పోతుంది.

ఈ రహస్యం కోసం ఐరోపావారు పడిన తంటాలు అన్నీ ఇన్నీ కావు. 1742లో కూర్దూ అనే ఫ్రెంచి పాదిరీ, కరక్కాయ, గేదెపాలతో సహా ఈ పద్ధతినంతా జాబు రాసి స్వదేశానికి పంపాడు. (ఈయనే తెలుగు నేర్చి నిఘంటువు కూర్చిన మనిషి.) పద్ధతి తెలిసింది గాని కారణం తెలియలేదు. ఆ రోజుల్లో ఎల్లో అనే ఫ్రెంచి పండితుడు, దారంలో సన్నని రంధ్రాలుంటాయని, ఉంగరంలో రవ్వ పొదిగినట్టు రంగు రేణువులు వాటిలో ఇరుక్కుంటాయని చెప్పాడు. వినడానికి బాగానే ఉంది. కాని ఒకే కాగులో, ఒకే వేరు రసంలో, పటిక చోట ఎరుపు, ఇనుము చోట ఊదా, నలుపు ఎలా వస్తున్నాయి? రంధ్రాల సిద్ధాంతం దీనికి జవాబు చెప్పలేదు. 1791లో బెర్తొలే తన గ్రంథంలో ఇది ఇరుక్కోవడం కాదు, రసాయనిక ఆకర్షణ అని వాదించాడు. మన అద్దకపు గుడ్డ ఏనాటినుంచో చూపిస్తున్నది అదే.

నేటి శాస్త్రం ప్రకారం సంగతి ఇది. నూలు అంటే సెల్యులోజు. నీటిలో దాని పైన కొద్దిపాటి రుణ విద్యుత్తు ఉంటుంది. చాలా రంగులకూ రుణ విద్యుత్తే గనుక ఒకదానినొకటి తోసుకుంటాయి. ఉన్నికి, పట్టుకు ఈ ఇబ్బంది తక్కువ. వాటిలోని మాంసకృత్తులకు పులుపు నీళ్ళలో ధన విద్యుత్తు వచ్చి రంగును లాక్కుంటాయి. నూలుకు మధ్యవర్తి కావాలి. పటికలోని అల్యూమినియం ఆ మధ్యవర్తి. కరక్కాయ వగరు దానిని దారం మీద నిలబెడుతుంది. చిరివేరులోని అలిజరిన్ అణువులు వచ్చి దానిని గట్టిగా పట్టుకుంటాయి. ఇలా ఏర్పడిన ఎర్రని పదార్థం నీటిలో కరగదు. కరగనిది ఉతుకులో ఎట్లా పోతుంది?

ఇక నీళ్ళ మహిమ అన్న మాటను కూడా పూర్తిగా కొట్టివేయనక్కరలేదు. ఈ బంధంలో కాల్షియం కూడా పాల్గొంటుంది. సున్నపు అంశం లేని నీటిలో ఎరుపు నిండుగా రాదు. పెద్దలు కారణం చెప్పలేకపోయినా, చూసింది సరిగానే చూశారు.

1868లో గ్రేబె, లీబర్‌మన్ అనే జర్మనులు బొగ్గు తారునుంచి అలిజరిన్‌ను తయారు చేశారు. 1869 జూన్ 25న జర్మనులు, మరునాడే ఇంగ్లండులో పెర్కిన్, చవకగా చేసే పద్ధతికి పేటెంటు కోరారు. ఒక్కరోజు తేడా! దానితో వేరు తవ్వి బతికేవారి జీవనం పోయింది. మన అద్దకపువారు మాత్రం పటిక, కరక్కాయ అలాగే ఉంచుకుని, కాగులో వేరుకు బదులు డబ్బా అలిజరిన్ వేసుకున్నారు. కొందరు దానిని నకిలీ అంటారు. మేము ఒప్పుకోము. వేరులో ఉన్న అలిజరిన్, డబ్బాలో ఉన్న అలిజరిన్ అణువు ఒక్కటే. వేరులోని తక్కిన రంగులు కూడా తోడై ఛాయ కొంచెం మారుతుంది, అంతే.

మా దుపట్టా సంగతి వేరు. 1884లో వచ్చిన కాంగో రెడ్ వంటి రంగులు పటిక లేకుండానే నూలును పట్టుకుంటాయి. ఆ అణువులు పొడుగ్గా, బల్లపరుపుగా ఉండి దారానికి ఆనుకుంటాయి. కాగులో ఉప్పు వేస్తే ఆ తోపులాట తగ్గి ఇంకా చేరతాయి. కాని అది ఆనుకోవడమే గాని ముడి కాదు. ఉతికితే కొంత వదులుతాయి. దారంతో నిజంగా ముడిపడే రంగులు 1956లో గాని బజారుకు రాలేదు. దుకాణదారుణ్ణి "ఏం రంగు బాబూ" అని అడిగితే "గ్యారంటీ రంగు సాబ్" అన్నాడు!

చీరాల తేలియా రుమాలు మాట చెప్పకపోతే ఇది అసంపూర్తి. అది అరబ్బు దేశాలకు ఓడల మీద వెళ్ళిన సరుకు. ఎరుపు, నలుపు, తెలుపు, మూడే రంగులు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో రోజుల తరబడి ముంచి పిసికి ఆరబెట్టేవారు. బూడిదలోని క్షారం నూనెను విరిచి కొవ్వు ఆమ్లాలు చేస్తుంది. అవి దారానికి పట్టి, పటికలోని అల్యూమినియాన్ని కట్టి పడేస్తాయి. ఆ పని నేడు నల్లగొండ ప్రాంతపు పుట్టపాకలో నిలిచి ఉన్నది. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పెట్టెలో పాత తేలియా ఉన్నవారు ఒకసారి తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. ఎన్ని ఉతుకులైనా నూనె వాసన ఇంకా వస్తుంది.